ఖమ్మం నుంచి భద్రాచలం ఎంత దూరం?

బాలలూ! ఈ ప్రశ్న నేను తరగతిలో చాలాసార్లు అడిగాను. "నూట ఇరవై కిలోమీటర్లండీ" అనేవారు పిల్లలు. ఒకసారి మాత్రం గోదావరి ఒడ్డునుంచి వచ్చిన కుర్రవాడొకడు లేచి, "ఏ నెలలోనండీ?" అని అడిగాడు. తరగతి అంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను.

వాడి సంగతి తరువాత చెబుతాను. ముందు పటం తీయండి. ఖమ్మం మీద, భద్రాచలం మీద చుక్కలు పెట్టి, మధ్య స్కేలు ఆనించి కొలవండి. పటంలో సెంటీమీటరు పది కిలోమీటర్లకు సమానమైతే, తొమ్మిది సెంటీమీటర్లు కొంచెం దాటుతుంది. అంటే సుమారు 90 కిలోమీటర్లు. ఇది పిట్ట ఎగిరే దూరం. ఇప్పుడు ఒక దారం తీసుకుని రోడ్డు గీత వెంబడి వంపులన్నీ తిప్పి, దారాన్ని కొలవండి. పన్నెండు సెంటీమీటర్ల దాకా వస్తుంది. బస్సు వైరా, తల్లాడ మీదుగా తూర్పుకు పోయి, ఏన్కూరు, జూలూరుపాడు వైపు పైకి తిరిగి, కొత్తగూడెం, పాల్వంచ దాటి, అడవులను ఒరుసుకుంటూ గోదావరి చేరుతుంది. మూడు గంటల ప్రయాణం.

రైలు మరీ చిత్రం! ముందు ఉత్తరాన డోర్నకల్లుకు పోయి, అక్కడ తూర్పుకు తిరుగుతుంది. చివరకు 'భద్రాచలం రోడ్' అనే స్టేషనులో దింపుతుంది. దిగి గుడి ఎక్కడని అడిగేరు! అది కొత్తగూడెం. రాములవారు ఇంకా 40 కిలోమీటర్ల అవతల ఉన్నారు.

మరి విమానంలో అయితే? గంటకు 500 కిలోమీటర్లు పోయే చిన్న విమానానికి 90 కిలోమీటర్లు 11 నిమిషాల పని. కాని పైకి లేవడానికీ, కిందికి దిగడానికీ అంతకంటె ఎక్కువ సేపు కావాలి. పైగా ఈ రెండు ఊళ్ళలోనూ విమానాశ్రయం లేదు. విమానం కోసం గన్నవరం పోయేంత దూరం పోతే, భద్రాచలమే వచ్చేస్తుంది!

ఒకప్పుడు గోదావరికి ఇవతల నైజాం రాజ్యం, అవతల మద్రాసు రాజధాని. భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2016 నుంచి మళ్ళీ వేరు జిల్లా. వంతెన 1965లో వచ్చింది. అంతవరకు పడవే గతి.

ఇక ఆ కుర్రవాడి సంగతి. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి గోదావరిలో కలుస్తాయి. మహారాష్ట్రలోనో, ఛత్తీస్‌గఢ్‌లోనో కుండపోత కురిస్తే, మన నెత్తిన ఎండ కాస్తున్నా భద్రాచలంలో నీళ్ళు లేస్తాయి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో 75 అడుగులు దాటింది. ఆ వరదలో వాడి నాన్న ఇవతలి ఒడ్డున నాలుగు రోజులు చిక్కుకుపోయాడట. ఎదురుగా ఊరు కనిపిస్తూనే ఉన్నదట. ఈ మాట వాడు చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు.

2022 జూలైలో మళ్ళీ 71 అడుగులు దాటింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఖమ్మం నుంచి ఒడ్డుదాకా మూడు గంటలు. అక్కడినుంచి మిగిలిన కిలోమీటరుకు ఎంత కాలం పడుతుందో గోదావరినే అడగవలసి వచ్చింది.