లావు తీగ

బేస్ గిటార్‌లో ఇ తీగను డి దాకా దించితే శ్రుతితో పాటు బిగువూ దాదాపు 20 శాతం పోతుంది. మామూలు 0.105 అంగుళాల తీగ ఫ్రెట్లకు కొట్టుకుని గరగరలాడుతుంది. గట్టిగా మీటితే స్వరం ముందు పైకి ఎగిరి, ఆ తర్వాత గానీ కుదురుకోదు. నాకు ఆ తొలి క్షణపు తడబాటే భరించరానిది. పాట నిలబడేది ఆ స్వరం మీదే కదా! 0.115 నుంచి 0.120 దాకా వేస్తే పాత బిగువు చేతికి తగులుతుంది. బి దాకా దిగాలంటే ఐదు తీగల సెట్టులోని 0.130 కావాలి, నట్ గాడి వెడల్పు చేయించాలి, నెక్ వంపూ చూసుకోవాలి. ఇంకా లావుకు పోతే తీగ బిరుసెక్కి నాదం మొద్దుబారుతుంది. శ్రుతి దించాలనుకునేవాళ్లు ముందు ఆ లావు తీగ ఒక్కటే విడిగా కొని వాయించి చూడండి. సెట్టు తర్వాత కొనొచ్చు.