గడియారపు వేగము – పని వేగము

కంప్యూటరు కొనదలచినవారు మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ‘ఎన్ని గిగాహెర్ట్జ్?’ పెట్టెమీద అచ్చైన ఆ అంకెను చూసి డబ్బు లెక్కపెట్టేవారు మన ప్రాంతంలో తక్కువ కాదు. నేను చెప్పేది తెలుగు పాఠం. యంత్రశాస్త్రం నా విషయం కాదు. అయినా ఈ అంకె మర్మం తెలుసుకొనడానికి రామగుండం కంటె అనువైన చోటు లేదని నా అభిప్రాయం.

ప్రాసెసరును నడిపించేది ఒక గడియారం. గంటలు చెప్పే గడియారం కాదు. తాళం వేసేవానివలె ఒకే లయలో టిక్కుమంటూ లోపలి భాగాలన్నిటిని కలిపి నడిపించేది. సెకనుకు వంద కోట్ల టిక్కులైతే ఒక గిగాహెర్ట్జ్. 1981 నాటి ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులో ఈ వేగం 4.77 మెగాహెర్ట్జ్, అనగా సెకనుకు సుమారు 48 లక్షల టిక్కులు మాత్రమే. నేడు మూడు, నాలుగు గిగాహెర్ట్జ్ సామాన్యమైపోయింది.

కాని ఒక్కొక్క టిక్కులో ఎంత పని జరుగుతున్నది? ఒకసారి జ్యోతినగర్ వైపు చూడండి. ఎన్.టి.పి.సి. రామగుండం కేంద్రంలో 1983 మొదలు ఉత్పత్తిలోకి వచ్చినవి 200 మెగావాట్ల యూనిట్లు మూడు, 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు. మన దేశంలో విద్యుత్తు లయ సెకనుకు 50 ఆవృత్తులు గనుక ఈ టర్బైన్లన్నీ తిరిగేది నిమిషానికి 3000 చుట్లే. చిన్నదీ అంతే, పెద్దదీ అంతే. చుట్లు మాత్రమే లెక్కించేవానికి రెండూ సమానం. నిండు బలంతో నడిచేటప్పుడు మాత్రం ఒక్కొక్క చుట్టులో పెద్దది ఇచ్చేది రెండున్నర రెట్లు!

ఈ భేదాన్ని ఇంటెల్ సంస్థ గట్టి మూల్యం చెల్లించి నేర్చుకున్నది. 2000లో వచ్చిన పెంటియం 4లో పనిని చిన్న చిన్న దశలుగా ముక్కలు చేశారు. టిక్కుల వేగం పెరిగింది; టిక్కుకు జరిగే పని తగ్గింది. వేగం పెంచాలంటే వోల్టేజీ పెంచాలి. వోల్టేజీ పెరిగితే వేడి అంతకు మించి పెరుగుతుంది. 2004లో 3.8 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగి, 4 గిగాహెర్ట్జ్ చిప్పు తలపెట్టి విరమించుకున్నారు. 2006లో అదే సంస్థవారి కోర్ 2 డుయో 2.4 గిగాహెర్ట్జ్‌తోనే 3.6 వేగపు పాత చిప్పులను అనేక పరీక్షలలో దాటిపోయింది.

నా విద్యార్థి ఒకని తండ్రి గనిలో పనిచేస్తారు. సింగరేణి లాభాల వాటా చేతికందిన రోజుల్లో కుమారునికి కంప్యూటరు కొనాలని వచ్చి, “సారూ, పెద్ద నంబరున్నదే మంచిగ పనిచేస్తది గదా?” అన్నారు. నేను ఆయన పనినుండే సమాధానం వెదికాను. “తట్టతో బొగ్గు నింపిన కాలంలో ఖాళీ టబ్బులు రాకపోతే ఫిల్లరు చెయ్యి ఎంత చురుకైనదైతే ఏమున్నది?” ఆయన నవ్వి, “కూసునుడే,” అన్నారు. ప్రాసెసరు గతీ అదే. కావలసిన సమాచారం ప్రధాన మెమరీనుండి వచ్చేసరికి మూడు గిగాహెర్ట్జ్ చిప్పుకు రెండు వందల టిక్కులకు పైగా వ్యర్థం కావచ్చు. అందుకే చిప్పులోనే ‘క్యాష్’ అనే చిన్న నిలువ అర పెడతారు. ఆయన కొనదలచిన యంత్రంలో గిగాహెర్ట్జ్ ఘనమే. మెమరీ మాత్రం కొరత. చివరకు ఆ డబ్బుకే అంకె తక్కువైన మరొకటి, రెట్టింపు మెమరీతో, తీసుకున్నారు.

అంకె వట్టి మాయ అనడం కూడ అన్యాయమే. ఒకే తరానికి, ఒకే నిర్మాణానికి చెందిన రెండు చిప్పులలో వేగమెక్కువైనది సాధారణంగా మేలు. కాని ప్రకటనలో కనిపించే పెద్ద అంకె తరచు కొద్దిసేపు అందుకొనే శిఖరవేగం మాత్రమే. మన మే నెల ఎండలో, చల్లని గాలి లేని గదిలో, వేడెక్కిన చిప్పు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

మన కళాశాల కంప్యూటర్ల గదికి కొనుగోలు జరిగినప్పుడు కమిటీ పెద్దలు ధరల పట్టికలో గిగాహెర్ట్జ్ గడి ఒక్కటే చూడక కోర్‌ల సంఖ్య, మెమరీ, డిస్కు రకం కూడ అడుగవలెనని మనవి. అంతకంటె సులువైన పరీక్ష ఒకటున్నది. ఈ సంచిక ఉర్దూ పుటలు నస్తాలీఖ్ లిపిలోను, తెలుగు పుటలు చిత్రాలతోను ఒకేసారి తెరిపించి, అమ్మేవాని ఎదుటనే దిద్దించి చూడండి. చేతిగడియారం ఒకటి దగ్గర ఉంచుకుంటే చాలు.