కడుపులో మాట

తెలుగులో ఏడవడానికి మాటల కరువు లేదు. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో పిల్లలచేత జాతీయాలు వల్లె వేయిస్తున్నవాణ్ణి, ఆ మాత్రం భరోసాగా చెప్పగలను. గుండె చెరువవుతుంది, ప్రాణం ఉసూరుమంటుంది, ముఖం చిన్నబోతుంది. కొలవడానికి మనవాళ్ళు ధాన్యం కొలతే పట్టుకొచ్చారు: పుట్టెడు దుఃఖం! పుట్టి అంటే 20 తూములు. పంట పండినా పండకపోయినా ఇది మాత్రం పుట్లకొద్దీ.

ఈమధ్య నాకు చైనా జాతీయాలమీద మనసు పోయింది. వాళ్ళవి ఎక్కువగా నాలుగక్షరాల పొట్లాలు. అందులో ఒకటి 'గాన్ ఛాంగ్ త్సున్ దువాన్'. కాలేయమూ పేగులూ అంగుళం అంగుళంగా తెగిపోవడమన్నమాట. దాని వెనక ఓ కథ చెబుతారు. 4వ శతాబ్దంలో హువాన్ వెన్ అనే సేనాని దండు యాంగ్‌ట్సీ నది లోయలగుండా పడవల్లో పోతుంటే, ఎవడో సైనికుడు ఒక కోతిపిల్లను పట్టుకున్నాడట. తల్లికోతి ఏడుస్తూ ఒడ్డు వెంబడి నూరు 'లీ'ల పైచిలుకు, అంటే మన లెక్కలో సుమారు 40 కిలోమీటర్లు, పరుగెత్తి పరుగెత్తి, చివరికి పడవలోకి దూకి ప్రాణం విడిచిందట. కోసి చూస్తే పేగులు ముక్కలు ముక్కలు! సేనాని మండిపడి ఆ సైనికుణ్ణి కొలువులోంచి తీసేశాడట.

మన 'కడుపు తరుక్కుపోవడం' గుర్తొచ్చి మురిసిపోయాను. ఇంగ్లీషువాడు గుండె దగ్గరే ఆగాడు. చైనావాడూ మనమూ పేగులదాకా వెళ్ళాం. పైగా మనకు కడుపంటే పొట్టే కాదు, గర్భం కూడా. అందుకే బిడ్డ పోతే కడుపుకోత.

ఆ మురిపెంలోనే మొన్న ఆదివారం గుడిమల్కాపూర్ పూలబజారుకు వెళ్ళాను. ఝాంసింగ్ బాలాజీ గుడికి వెళ్ళినప్పుడల్లా ఒకే అవ్వ దగ్గర మల్లెలు కొంటాం. నెల్లాళ్ళుగా ఆమె కనపడలేదు.

"ఏమవ్వా, మమ్మల్ని మరిచిపోయావా?" అన్నాను.

ఆమె తలెత్తలేదు. దారం ముడివేస్తూనే, "కొడుకు పోయిండు సారూ," అంది.

నిలబడిపోయాను. నోటిదాకా వచ్చిన మాటలన్నీ తిరగేసి చూసుకున్నాను. 'ప్రగాఢ సానుభూతి' పత్రికల్లో వేయించే మాట. 'ధైర్యం తెచ్చుకో' అందామంటే, ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటుంది? జాతీయాలమీద పది మార్కుల ప్రశ్న ఇచ్చే పెద్దమనిషిని, ఒక్క వాక్యం కూర్చలేక, చెప్పడానికి సిగ్గుగా ఉంది, "మూర ఎంత?" అన్నాను.

ఎంతో చెప్పింది. మోచేతినుంచి వేలికొసదాకా కొలిచి, ఎప్పటిలాగే జానెడు కొసరు వేసింది. పొట్లం చేతికిస్తూ నా ముఖం చూసింది కాబోలు, "రంది పెట్టుకోకు బిడ్డా," అంది. ఎప్పుడూ 'సారూ' అనే మనిషి! రంది అంటే మా కృష్ణా జిల్లాలో బెంగ. ఓదార్చవలసినవాణ్ణి నేను; ఓదార్చింది ఆమె.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. పూలు పక్కన పెట్టి, "ఏమన్నా తిన్నదో లేదో అడిగారా?" అంది.

అడగలేదు.

ఆవిడ మరేమీ అనకుండా కారియర్ సర్దింది. ఇద్దరం మళ్ళీ బజారుకు బయలుదేరాం.