తొట్టి పారబోయలేదు వదినా

ఫ్రీమాంట్,
మార్చి 9.

వదినా,

వెళ్తూ వెళ్తూ "అది చచ్చింది, మట్టి పారబోసి తొట్టి నువ్వు వాడుకో" అన్నావే, ఆ తొట్టి నిండా ఇప్పుడు పూలే. పొద్దున లెక్కపెట్టాను, విచ్చినవే పదిహేడు. ఫోన్లో చెప్తే రెండు ముక్కల్లో అయిపోతుందని కూర్చుని రాస్తున్నా.

నువ్వు వెళ్ళింది జూన్ చివర. అప్పటికే ఆకంతా ఎండి, పట్టుకుంటే పొడైపోతోంది. నిజంగానే పారబోద్దామనుకున్నాను. పైమట్టి కాస్త గీకితే లోపల కండపట్టిన వేళ్ళు, గుత్తిగా. గోటితో నొక్కితే గట్టిగానే తగిలాయి. గబగబా మట్టి కప్పేశాను. దుగ్గిరాల పిల్లవి నువ్వు, పసుపు చేలో ఆకు ఎండితే గడ్డ పోయిందని ఏడుస్తామా?

ఇక్కడి వానలన్నీ చలికాలంలోనే కదా, వేసవంతా చినుకు రాలదు. ఈ కాలిఫోర్నియా బటర్‌కప్పు ఆ లెక్కకే అలవాటు పడింది. వానల్లో ఆకు వేస్తుంది, ఫిబ్రవరి నుంచి పూస్తుంది, ఎండలు ముదిరేసరికి గింజలు రాల్చి, పైనున్నదంతా వదిలేసుకుని వేళ్ళతో పడుకుంటుంది. అప్పుడు జాలిపడి రోజూ చెంబుడు నీళ్ళు పోస్తే వేరు కుళ్ళుతుంది. నీ రెండో తొట్టి అలాగే పోయింది. బాధపడకు, అంతకుముందు ఏడు నావీ రెండు మొక్కలు నీళ్ళతోనే చంపుకున్నాను.

అందుకే దీన్ని డ్రిప్పు తగలని చోట, కంచె నీడన పెట్టాను. నాలుగు నెలలు చెయ్యి కట్టుకుని ఉండటమే కష్టమైంది వదినా. నవంబరులో రెండు వానలు పడ్డాక ఓ పొద్దున చూస్తే, కొత్తిమీరలా చీలిన చిట్టి ఆకు మట్టిలోంచి తల ఎత్తింది. మీ తమ్ముణ్ణి నిద్రలేపి మరీ చూపించాను.

పువ్వు రూపాయి బిళ్ళంతే. మామూలు బటర్‌కప్పుకి రేకులు అయిదు. దీనికి తొమ్మిది, పన్నెండు, ఒక్కోదానికి ఇంకా ఎక్కువే. మైనం రుద్దినట్టు మెరుపు. రేకు పైపొర అద్దంలా నున్నగా, పసుపు రంగుతో నిండి ఉంటుందట. దాని కింద సన్నటి గాలి పొర, ఆ కింద పిండిపదార్థం పొర. పడ్డ వెలుగు వీటి మీంచి తిరిగొచ్చి కొడుతుంది. చిన్నదాని గడ్డం కింద పెట్టి చూశాను, పేరంటంలో పసుపు రాసినట్టు పడింది వెలుగు. వెంటనే చేతులు కడిగించాననుకో. దీని పసరు ఒంటికి మంట, పచ్చిది నోట్లో పెట్టకూడదు. ఈ నేల మీద పుట్టిన ఓలోనీలు మాత్రం గింజల్ని వేయించి, దంచి పిండి చేసుకు తినేవారు. వేడికి ఆ విషం పోతుంది.

విత్తనాలు పంపమన్నావు. పంపలేను వదినా. అనుమతి కాగితాలు లేకుండా విత్తనాలు దేశం దాటించకూడదు. పంపినా అక్కడ బతకదు. మన వైపు దానికి సరిపడే చలి లేదు. అది పడుకునే వేళకి జూన్ వానలు మొదలవుతాయి.

నీ గింజలు ఇక్కడే వేస్తాను. పచ్చగింజ గోధుమరంగుకి తిరగ్గానే కోసి పెట్టుకోవాలి, ఒక్కరోజు ఆలస్యమైతే ముట్టుకుంటేనే రాలిపోతాయి. కొనకి చిన్న కొక్కెం ఉంటుంది, చూడు ఫోటోలో. అక్టోబరులో మట్టి మీద చల్లి, పైన పలచగా దుమ్ము కప్పినట్టు కప్పి, మొలిచేదాకా తడి ఆరకుండా చూస్తే చాలు. బంకమట్టయినా ఫరవాలేదు. మొదటి ఏడు ఆకే ఎక్కువ. మనం సునోల్ కొండల మీద చూసినవాటిని తవ్వుకొస్తానేమోనని భయపడకు, పార్కులో ఆకు కూడా తెంపకూడదని నాకూ తెలుసు.

ఈ గింజలు చల్లడానికి మీ పాత ఇంట్లో దిగినవాళ్ళని ఓక్ చెట్టు కింద కాస్త చోటు అడిగాను. సరేనన్నారు.

వచ్చేటప్పుడు మార్చిలో రా. ఆగస్టులో వస్తే మళ్ళీ ఎండు తొట్టే చూపించాల్సి వస్తుంది.

ఇట్లు,
నీ మరదలు