అరొమాంష్: సముద్రం దాటొచ్చిన ఓడరేవు

ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో, బాయూ పట్టణానికి పది కిలోమీటర్ల దూరంలో ఉంది అరొమాంష్. ఐదారు వందల జనాభా దాటని ఊరు. ఒడ్డున నిలబడి చూస్తే, దూరంగా సముద్రంలో నల్లబడిన కాంక్రీటు దిమ్మెలు వంపు తిరిగిన వరసలో కనిపిస్తాయి. 1944లో ఇక్కడ కట్టిన ఓడరేవు శిథిలాలివి.

రెండో ప్రపంచయుద్ధంలో ఈ తీరంలోని పెద్ద రేవులన్నీ జర్మన్ల చేతిలో ఉండేవి. 1942 ఆగస్టులో దియెప్ రేవు మీద నేరుగా దాడి చేసిన మిత్రసేనలు, ముఖ్యంగా కెనడా సైనికులు, ఘోరంగా దెబ్బతిన్నారు. రేవును గెలుచుకోవడం కుదరకపోతే వెంట తెచ్చుకోవాలి! ఆ ఆలోచన తెగువ నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది. బ్రిటన్‌లో రహస్యంగా పోసిన కాంక్రీటు పెట్టెల్లో పెద్దవి అరవై మీటర్ల పొడవు, ఐదంతస్తుల ఎత్తు, ఆరువేల టన్నుల బరువు. వాటిని టగ్గులతో సముద్రం మీద లాక్కొచ్చి, నీళ్లు నింపి, అడుగుకు దించారు. పాత ఓడల్నీ కావాలనే ముంచి అలలకు అడ్డుకట్ట వేశారు. లోపలి ప్రశాంత జలాల్లో, పోటుకు లేచి ఆటుకు దిగే రేవుకట్టలు. అక్కడినుంచి ఒడ్డుదాకా నీటిపై తేలే రోడ్లు. లారీలు వాటి మీదుగా నేరుగా ఇసుకలోకి దిగేవి.

1944 జూన్ 6న, మిత్రసేనలు నార్మండీ తీరంలో దిగిన రోజున, బ్రిటిష్ సైనికులు దిగింది ఈ ఊరి ముందు కాదు, తూర్పున ఆనెల్ దగ్గర. సాయంత్రానికి నేల మీదుగా వచ్చి అరొమాంష్‌ను పట్టుకున్నారు.

జూన్ 19న మొదలైన తుఫాను ఒమాహా తీరంలో కట్టిన ఇలాంటిదే అయిన అమెరికన్ రేవును ఛిద్రం చేసింది, దాన్ని వదిలేశారు. అరొమాంష్ రేవు దెబ్బతిన్నా నిలిచింది. కొన్ని నెలల కోసమే కట్టిన ఆ రేవు శరదృతువు దాకా లక్షల టన్నుల సరుకు దింపింది.

నార్మండీలో ఫిరంగుల బంకర్లు చాలానే ఉన్నాయి. నాకు మాత్రం ఈ దిమ్మెలే ఎక్కువ చెబుతాయి. సైన్యానికి తిండి, పెట్రోలు, మందుగుండు రోజూ అందించే చాకిరీ ఎంతటిదో ఇక్కడే అర్థమవుతుంది. 1954లో తెరిచిన మ్యూజియంలో రేవు నమూనాలున్నాయి. 2023లో దానికి కొత్త భవనం వచ్చింది. అయితే ముందు ఇసుకలోకి నడవండి. ఆటుపోట్ల వేళలు చూసుకుని, నీరు వెనక్కి తగ్గినప్పుడు వెళితే తేలే రోడ్లను మోసిన పెట్టెల దగ్గరకు నడిచే వెళ్లొచ్చు. ఉప్పునీరు, అలలు కాంక్రీటును ఏటా తినేస్తున్నాయి. చూడాలనుకునేవాళ్లు త్వరగా వెళ్లండి.