చలికాలమే కదా అనుకున్నాను

కృష్ణా డెల్టాలో సంక్రాంతి మూడు రోజులతో అయిపోదు. భోగి, పెద్ద పండుగ, కనుమ దాటాక ముక్కనుమ ఉంటుంది. కనుమ నాడు మినుము తినాలని గారెలు వండుకుంటాం. ఆ రోజు కాకైనా కదలదంటారు కాబట్టి ఎక్కడివాళ్ళం అక్కడే ఉండిపోతాం. ముక్కనుమ నాడు మాంసం కూర లేని ఇల్లు మావైపు అరుదు. హైదరాబాదు, బెంగళూరు వెళ్ళాల్సినవాళ్ళు ఆ మధ్యాహ్నం కడుపారా తిని, సాయంత్రం బెజవాడ చేరి బస్సెక్కుతారు. అందరూ కలిసి ఒకే పంక్తిలో కూర్చోవడం మళ్ళీ ఏడాదికే. అందుకే ఆ పూట భోజనానికి అంత విలువ.

అలాంటి పూట నేను చేసిన వంట తిని మావాళ్ళు మంచం పట్టారు. చాలా ఏళ్ళు ఈ సంగతి బయట చెప్పుకోలేకపోయాను. నేను చేసిన పొరపాటు ఇప్పటికీ మన ఇళ్ళల్లో, మంచి వంటగత్తెలని పేరున్నవాళ్ళ చేతుల్లో కూడా జరుగుతోంది. అది చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

ఆ వంట దాల్చా. శనగపప్పు, ఎముకలున్న మటన్, సొరకాయ, చింతపండు పులుసు కలిసిన వంట. బెజవాడ వన్ టౌన్‌లోనో, ఒకప్పుడు గోల్కొండ సుల్తానులకు ప్రధాన రేవైన బందరులోనో ముస్లింల పెళ్ళికి వెళ్ళినవాళ్ళకు బగారా అన్నం పక్కన వడ్డించే దాల్చా రుచి తెలిసే ఉంటుంది. నాకు నేర్పింది మా పక్కింటి ఆపా. కిలో మటన్‌కి పావు కిలో పైచిలుకు శనగపప్పు, లేత సొరకాయ ఒకటి, నిమ్మకాయంత చింతపండు. నూనెలో చెక్క, లవంగం, యాలక్కాయ, ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి ముద్ద, పుదీనా వేసి, మాంసాన్ని ఆ మసాలాలోనే మగ్గనిచ్చి ఉడికించాలి. పప్పు విడిగా ఉడికించి సగం మెదిపి, సగం పలుకుగా ఉంచి కలపాలి. ఎముకల్లోని సారం పప్పులోకి దిగాక చిక్కగా, పుల్లగా, కారంగా వస్తుంది. నలుగురు కలిసే చోటికి ఇంతకంటే అనువైన వంట నాకు తెలీదు. కొద్దిపాటి మాంసంతో ఎక్కువమందికి సంతృప్తిగా పెట్టవచ్చు. ఆలస్యంగా వచ్చినవాళ్ళకూ అదే రుచి అందుతుంది.

ఇంట్లో ఆరేడుగురికి ఎన్నోసార్లు చేశాను. ప్రతిసారీ బాగానే కుదిరింది. ఆ ధైర్యంతో ఆ సంక్రాంతికి ఉయ్యూరు దగ్గర మా అత్తగారి ఊళ్ళో నలభై మందికి నేనే చేస్తానన్నాను. వంటవాళ్ళను పిలుద్దామని మావయ్యగారు అంటే వద్దన్నాను. ఆరు కిలోల మటన్, దాదాపు రెండు కిలోల పప్పు తెప్పించాను. ఇంట్లో వాడే కొలతలన్నిటినీ ఆరుతో హెచ్చించుకున్నాను. సప్లయి షాపు నుంచి పెద్ద గుండిగ అద్దెకు తెచ్చారు. ముక్కనుమ నాడు అందరితో కూర్చుని కబుర్లు చెప్పుకోవాలని నా ఆశ. అందుకే కనుమ సాయంత్రం గారెల హడావిడి కాగానే పెరట్లో కట్టెల పొయ్యి వెలిగించాను.

మొదటి తప్పు అక్కడే జరిగింది. పని తొందరగా తెమలాలని పప్పు, మాంసం, సొరకాయ ఒకే గుండిగలో వేసి, చింతపండు పులుసు కూడా ముందే పోసేశాను. పులుపు తగిలితే పప్పు ఉడకదని ప్రతి ఇంట్లోనూ చెప్పే మాటే. గింజలోని కణాలను అంటిపెట్టే పెక్టిన్ కరిగితేనే పప్పు మెత్తబడుతుంది, పులుపు దాన్ని కరగనివ్వదు. ఇంట్లో కుక్కరు ఒత్తిడికి కొద్దిపాటి పులుపున్నా పప్పు లొంగేది. గుండిగలో అది కుదరలేదు. పైగా ఆ శనగపప్పు చాలాకాలం నిలవ ఉన్నదని తర్వాత తెలిసింది. వేడి, తేమ ఉన్నచోట నెలల తరబడి ఉన్న పప్పు ఎంత ఉడికించినా బిరుసుగానే ఉంటుంది. ముక్క ఉడికిపోతోంది, పప్పు పలుకు పలుకుగానే ఉంది. నీళ్ళు పోస్తూ, మంట పెంచుతూ, అడుగంటకుండా తెడ్డుతో కలుపుతూ ఉంటే రాత్రి పదకొండు దాటింది. పప్పు మెత్తబడేసరికి నాలో ఓపిక లేదు.

అప్పుడు అత్తయ్య వచ్చి గుండిగ వంక చూసి, "ఇంత వేడిది ఇలాగే ఉంచేస్తే ఎలాగమ్మా? వేరే గిన్నెల్లోకి తీద్దామా?" అన్నారు.

"చలికాలమే కదా అత్తయ్యా, ఏమీ కాదండీ. పొద్దున్నే మళ్ళీ వేడి చేస్తాగా" అన్నాను.

మూత పెట్టి, పిల్లి దూకకుండా దాని మీద బరువు పెట్టి పడుకున్నాను. ఆ రాత్రి నిజంగానే చలిగా ఉంది. జనవరిలో మావైపు రాత్రుళ్ళు ఇరవై డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ చల్లదనం గుండిగ లోపలికి కూడా వెళుతుందనుకోవడమే నా అసలు తప్పు.

ఉదయం మూత తీసి, గరిటె నడిమధ్యకు దించి పైకి తీశాను. పైన మీగడలా గట్టిపడిన పొర కింద పప్పు ఇంకా గోరువెచ్చగా ఉంది. వేలికి తగిలిన ఆ వెచ్చదనానికి నేను సంతోషించాను, మళ్ళీ వేడి చేయడం సులువని. ఆ ఉదయం నాకు అందిన హెచ్చరిక అదొక్కటే, దాన్ని నేను గుర్తుపట్టలేదు. వాసన చూస్తే కమ్మగా ఉంది. రుచి చూస్తే రాత్రికంటే బాగుంది. మళ్ళీ పొయ్యి మీద పెట్టాను. అంచుల్లో బుడగలు రాగానే, అడుగంటుతుందన్న భయంతో దించేశాను. మధ్యలో ఎంత వేడెక్కిందో చూడలేదు.

పంక్తి బాగా సాగింది. బగారా అన్నంలో దాల్చా కలుపుకుని మారు వడ్డించుకోని వాళ్ళు లేరు. చిన్నమావయ్య గారు మూడోసారి పోయించుకుని, "ఇక నుంచి ప్రతి ముక్కనుమకీ నువ్వేనమ్మా" అన్నారు.

అర్ధరాత్రి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. కడుపులో మెలిపెట్టే నొప్పి, ఆగని విరేచనాలు. వాంతులు పెద్దగా లేవు, జ్వరం లేదు. ఊళ్ళో ఉన్నవాళ్ళం ఎలాగో తట్టుకున్నాం. హైదరాబాదు బస్సులో ఉన్నవాళ్ళ అవస్థ వింటుంటే నా నోట మాట రాలేదు. ఇంట్లో అందరికంటే పెద్దావిడ, మా పెద్దత్తయ్యగారికి తెల్లవారేసరికి కళ్ళు లోతుకు పోయాయి. ఉయ్యూరు తీసుకెళ్ళి సెలైన్ పెట్టించాం. ఆ వయసులో ఒంట్లో నీరు తగ్గితే మూత్రపిండాల మీద పడుతుందని డాక్టరుగారు చెబుతుంటే, ఆవిడ మంచం పక్కన నిలబడి నేను తల ఎత్తలేకపోయాను. మర్నాటికి అందరూ కోలుకున్నారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మంచితనాన్ని మోయడం నాకు ఇంకా కష్టమైంది.

పరీక్షలేమీ చేయించలేదు. తిన్న వేళను, లక్షణాలను బట్టి క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బాక్టీరియా కావచ్చన్నారు డాక్టరుగారు. తర్వాత దాని గురించి దొరికినంత చదివాను. మట్టిలో, జంతువుల పేగుల్లో ఉండే ఈ సూక్ష్మజీవి పచ్చి మాంసంతో పాటు వంటింట్లోకి వస్తుంది. కూర తెర్లితే చచ్చిపోతుంది గానీ, అది కట్టుకున్న బీజాలు ఆ మరుగును తట్టుకుని మిగులుతాయి. కూర చల్లారుతూ 60 డిగ్రీల కిందికి దిగాక ఆ బీజాలు మొలకెత్తుతాయి. 43 నుంచి 45 డిగ్రీల మధ్య అది పది నిమిషాలకోసారి రెట్టింపు కాగలదు. దానికి గాలి అక్కర్లేదు. బాగా మరిగి గాలి పోయిన చిక్కటి పప్పు, మాంసపు సారం, పైన మూత, లోపల గంటల తరబడి వెచ్చదనం, అన్నీ నా చేతులతో నేనే అమర్చి పెట్టాను. ఇది పెరిగిన కూర వాసన మారకపోవచ్చు, రుచి మారకపోవచ్చు. తిన్నాక అది పేగుల్లో విషం విడుదల చేస్తుంది, ఆరు నుంచి ఇరవై నాలుగు గంటల్లోపు లక్షణాలు మొదలవుతాయి. ఉదయం కూర మొత్తం సలసలా మరిగే దాకా కాచి ఉంటే ఆ బాక్టీరియా చాలావరకు చచ్చేది. నేను అంచుల్లో బుడగలు చూసి ఆపేశాను.

అమెరికాలో ఏటా దాదాపు పది లక్షల మందికి ఇది సోకుతుందని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ అంచనా. పండుగ విందులుండే నవంబరు, డిసెంబరుల్లో అక్కడ ఇలాంటి ఘటనలు ఎక్కువట. చలి దేశాల్లోనే చలికాలంలో ఇలా జరుగుతుంటే, మన సంక్రాంతి చలిని నమ్ముకోవడం ఎంత తెలివితక్కువో అప్పుడు అర్థమైంది. బయట ఎంత చల్లగా ఉన్నా, లోతైన గుండిగలోని చిక్కటి పప్పు తన వేడిని రగ్గు కప్పుకున్నట్టు దాచుకుంటుంది.

తర్వాత బెజవాడ వించిపేట వైపు పెళ్ళిళ్ళకు వండే ఒక పెద్ద మాస్టరు గారి దగ్గరికి ఆపా నన్ను తీసుకెళ్ళింది. ఆయన పనిచేసే చోట ఒక పూట నిలబడి చూశాను. పప్పు గుండిగ వేరు, మాంసం గుండిగ వేరు. పప్పు తెర్లుతుండగా తెడ్డును అడుగుదాకా దించి, నడిమధ్య నుంచి కాస్త తీసి, నాలుగు బద్దలు అరచేతిలో వేసుకుని బొటనవేలితో ఒక్కొక్కటీ నలిపారు. మూడు మెత్తగా నలిగాయి, నాలుగోది మధ్యలో తెల్లగా పలుకు చూపించింది. ఆయన ఏమీ అనకుండా మళ్ళీ మూత పెట్టారు. కాసేపటికి ఇంకోసారి తీసి, నాలుగూ నలిగాకే పప్పును మాంసంలో కలిపారు. సొరకాయ ముక్కలు ఉడికాక, చివరి పావుగంటలో పులుసు పోశారు.

"మాస్టరు గారూ, రాత్రే వండి పెట్టుకుంటే పొద్దున హైరానా ఉండదు కదండీ?" అని అడిగాను.

"వద్దమ్మా. రాత్రి ఉల్లిపాయలు కోసుకోండి, మసాలా నూరుకోండి, గిన్నెలు కడిగి పెట్టుకోండి. పప్పు, మాంసం మాత్రం పొద్దున్నే పొయ్యెక్కాలి. ఉడికాక మంట తీసేయకూడదు, సన్న సెగ మీదే వడ్డన అయిపోవాలి" అన్నారు.

పుస్తకాల్లో చదివిన 60 డిగ్రీల లెక్క ఆయన మాటలోనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ప్రచారంలోకి తెచ్చిన అయిదు ఆహార భద్రతా సూత్రాల్లోనూ ఇదే ఉంది. వండినదాన్ని వడ్డించే దాకా 60 డిగ్రీలకు పైన ఉంచాలి, గది వాతావరణంలో రెండు గంటలకు మించి వదలకూడదు, దాచేదాన్ని 5 డిగ్రీల లోపు ఉంచాలి.

ఇప్పుడు నేను పాటించే పద్ధతి చెబుతాను. పప్పు కొనేటప్పుడు కొత్త సరుకే అడుగుతాను, ఒక గుప్పెడు ముందే ఇంట్లో ఉడికించి చూసుకుంటాను. గంటసేపు నానబెట్టి విడిగా ఉడికిస్తాను. పెద్ద వంటలో ఉప్పు, కారం, పులుపు, నీళ్ళు హెచ్చవేతతో తేలవు. గుండిగలో నీరు ఇంట్లో అంత వేగంగా ఆవిరవ్వదు. ఆరు కిలోల మాంసానికి ఆరు నిమ్మకాయలంత చింతపండు నానబెడతాను గానీ నాలుగింతలే ముందు పోసి, రుచి చూసి మిగతాది కలుపుతాను. ఒక పెద్ద గుండిగకు బదులు రెండు చిన్నవి వాడతాను. అడుగంటిన వాసన వస్తే గోకకుండా పైదంతా వేరే గిన్నెలోకి మారుస్తాను. ఉదయం మొదలుపెట్టి మధ్యాహ్నానికి వడ్డిస్తాను.

మిగిలితే గుండిగలో ఉంచను. వెడల్పాటి పళ్ళేల్లో రెండు వేళ్ళ మందం మించకుండా పరిచి, ఫ్యాను కింద ఆరబెట్టి, వేడి తగ్గగానే చిన్న డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెడతాను. మళ్ళీ తినేటప్పుడు మధ్య దాకా కలుపుతూ సలసలా మరగనిస్తాను. అన్ని పళ్ళేలు, అంత చోటు ఫ్రిజ్‌లో లేకపోతే, మిగలకుండా అప్పుడే పంచేస్తాను.

మరుసటి ఏడాది ముక్కనుమకు మళ్ళీ వండాలంటే చేతులు వణికాయి. పెద్దత్తయ్యగారే పిలిచి వండమన్నారు. ఉదయం అయిదింటికి పొయ్యి వెలిగించాను. కబుర్లకు కూర్చునే తీరిక నాకు దొరకలేదు. అయినా ఆ రాత్రి ఏ ఫోనూ రాలేదు, నాకు అది చాలు.

మనది నలుగురికి వండి పెట్టే నేల. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎవరూ చెప్పకుండానే పొయ్యిలు వెలిగించి అన్నం పంపారు. పెళ్ళికైనా, అన్నదానానికైనా, క్రిస్మస్ విందుకైనా పెద్ద గిన్నె ఎక్కించడానికి మనం వెనకాడం. ఆ చెయ్యి ఎప్పటికీ వెనక్కి పోకూడదు. వడ్డించిన కూర వాసన చూసే తీరిక కూడా లేకుండా, మన మీద నమ్మకంతో తినేవాళ్ళ కోసం ఒక్కటే అడుగుతున్నాను. పప్పైనా, మాంసమైనా, ఏ కాలమైనా, లోతైన గిన్నెలో మూత పెట్టి రాత్రంతా వదిలేయకండి. వండిన పూటే వడ్డించండి.