తేదీ లేని పట్టిక

2024 జనవరి 8, సోమవారం

తల్లీబిడ్డా ఇల్లు చేరారు. గుమ్మంలో దిష్టి తీసి లోపలికి తెచ్చుకున్నాం. గురువారం పుట్టిన రాత్రే నర్సింగ్‌హోమ్‌లో హెపటైటిస్-బి సూది వేశారు. పుట్టిన 24 గంటల్లోపు వేయాల్సినది అది. మర్నాడు ఎడమ భుజానికి బీసీజీ, నోట్లో రెండు పోలియో చుక్కలు. బిల్లుతో పాటు, నున్నటి కాగితం మీద రంగుల్లో అచ్చేసిన టీకాల పట్టిక ఒకటి ఇచ్చారు. అమ్మాయి దాన్ని నా చేతిలో పెట్టి "ఇక ఇది నీ డ్యూటీ అమ్మా" అంది. ముప్పై రెండేళ్లు హాజరుపట్టీలు రాసినదాన్ని, ఇదో లెక్కా అనుకున్నాను.

ఫిబ్రవరి 12, సోమవారం

లెక్కే అయింది.

పొద్దున ఆశా అమ్మాయి వచ్చింది. "శనివారానికి ఆరు వారాలు నిండిపోతాయి, కార్డు పట్టుకుని రండమ్మా" అంది. కార్డంటే కాన్పుకి ముందే ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు. దాన్నీ నర్సింగ్‌హోమ్ పట్టికనీ పక్కపక్కన పెట్టి చూశాను. తొమ్మిదో నెలలో కార్డు ఎంఆర్ (తట్టు, రుబెల్లా) అంటుంది, పట్టిక ఎంఎంఆర్ అంటుంది. ఆ రెండో 'ఎం' గవదబిళ్లలది. పట్టికలో ఫ్లూ, ఆటలమ్మ, హెపటైటిస్-ఎ, టైఫాయిడ్ ఉన్నాయి. కార్డులో అవేవీ లేవు.

ఇది చాలదన్నట్టు సాయంత్రం వియ్యపురాలు వాట్సాప్‌లో మూడో పట్టిక పంపింది. మూడు సింహాల ముద్ర ఉంది. "ఇదే గవర్నమెంటుదండీ వదినగారూ, మిగతావి నమ్మకండి" అని కింద వాయిస్ మెసేజ్. తొమ్మిదో నెలలో ఉత్త తట్టు టీకా, పదో ఏట టీటీ! రోటా చుక్కలు లేవు, పోలియో సూది ఊసే లేదు.

రాత్రి అల్లుడికి ఫోన్ చేస్తే కేంద్ర ఆరోగ్యశాఖ వెబ్‌సైట్లోంచి జాతీయ టీకాల పట్టిక దించి పంపాడు. దాన్ని ముందు పెట్టుకుని వియ్యపురాలి బొమ్మ వయసు కట్టాను. పోలియో సూది మన దేశంలో 2015 నవంబరులో మొదలైంది. రోటా చుక్కలు 2016లో, అదీ మొదటి నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. తట్టు టీకా పోయి ఎంఆర్ మనకి వచ్చింది 2017 ఆగస్టులో. టీటీ స్థానంలో టీడీ 2019లో. ఇవేవీ లేవంటే ఆ బొమ్మ 2015 నాటిదో, అంతకు ముందుదో. సింహాల ముద్ర నిజమే, పట్టికా ఒకప్పుడు నిజమే. తేదీ ఒక్కటే లేదు. శాసనం చదివినట్టు లోపలి ఆధారాలతో కాలం కట్టాల్సొచ్చింది. చరిత్ర చెప్పుకు బతికినందుకు ఈ వయసులో ఇలా అక్కరకొచ్చింది.

నర్సింగ్‌హోమ్ కాగితానికీ తేదీ లేదు. కింద మూలన మందుల కంపెనీ గుర్తు మాత్రం ఉంది.

ఫిబ్రవరి 17, శనివారం

అంగన్‌వాడీ ముందు పదముగ్గురు తల్లులు, అంతమంది అమ్మమ్మలూ నాయనమ్మలూ. నర్సమ్మ నీలం పెట్టె మూత తీసి, ఐసు ప్యాకుల మధ్యనుంచి చిన్న బుడ్డి తీసి వెలుతురుకి పట్టి చూసింది. ఏం చూస్తున్నావని అడిగితే విసుక్కోకుండా చూపించింది. బుడ్డి మీద గుండ్రం, దాని నడుమ చిన్న చదరం. చదరం గుండ్రం కంటే తెల్లగా ఉంటే మందు మంచిదే. వేడి తగిలే కొద్దీ చదరం నల్లబడుతుంది, గుండ్రంతో కలిసిపోయిందంటే పారేయడమే. ఇంత కాగితం చదివాను గానీ ఈ ముక్క నాకెక్కడా తగల్లేదు.

పిల్లకి ముందు నోట్లో రోటా ఐదు చుక్కలు, పోలియో రెండు. తర్వాత కుడి భుజానికి పోలియో సూది, మామూలు మోతాదులో ఐదో వంతు, చర్మం పొరలోకి. కుడి తొడకి న్యుమోనియాది, ఎడమ తొడకి పెంటావాలెంట్. మూడో సూదికి పిల్ల ఏడుపు ఆగి, ముఖం ఎర్రబడి, ఒక్క క్షణం గొంతు పెగల్లేదు. మా అమ్మాయి అటు తిరిగి నుంచుంది.

ఏం వేశానో, దేనికో, జ్వరమొస్తే ఏం చేయాలో, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పి అరగంట కూర్చోబెట్టింది నర్సమ్మ.

ఫిబ్రవరి 18, ఆదివారం

రాత్రంతా ఒళ్లు కాలింది. డాక్టరు చెప్పిన కొలత ప్రకారం పారాసెటమాల్ చుక్కలు వేశాం. తెల్లారేసరికి చల్లబడింది. అల్లుడు మాత్రం హడలిపోయాడు. "అత్తయ్యా, వచ్చేసారి ప్రైవేటులో నొప్పి లేని సూది వేయిద్దామా?" అన్నాడు. పిల్లల డాక్టరుగారికి ఫోన్ చేశాను. ప్రభుత్వ పెంటావాలెంట్ సూదిలో కోరింతదగ్గు క్రిమిని చంపి మొత్తంగా పెడతారు, జ్వరం కాస్త ఎక్కువ. నొప్పి లేనిదంటున్న దాంట్లో క్రిమిలోంచి ఏరిన ముక్కలే ఉంటాయి, జ్వరం తక్కువ, కానీ రక్షణ త్వరగా సడలుతుంది. రెండూ అనుమతి ఉన్నవే. ఒక రాత్రి జ్వరానికి భయపడి మార్చుకోం, అని అల్లుడికి చెప్పేశాను.

మార్చి 3, ఆదివారం

పల్స్ పోలియో. పదిహేను రోజుల క్రితమే చుక్కలు పడ్డాయి, మళ్లీ ఎందుకని మా ఆయన. ఐదేళ్లలోపు వాళ్లందరికీ, ముందు ఎన్ని పడ్డా సరే. ఎడమ చిటికెన వేలికి సిరా చుక్క పెట్టారు. బియ్యపుగింజంత గోరు, వేలంతా నల్లబడింది.

మార్చి 16, శనివారం

రెండో విడత. ఈసారి సూది ఒకటే, మిగతావి చుక్కలు. బీసీజీ వేసిన చోట చిన్న పొక్కు లేచి చితికింది. పక్కింటావిడ పసుపు పెట్టమంది. నర్సమ్మ ఏమీ పెట్టొద్దు, అదే మానుతుంది అంది. నా భుజం మీది మచ్చలు చూసి నవ్వింది. నావి రూపాయి బిళ్లలంత, మశూచి టీకావి. మా అమ్మాయికి అవి లేవు. దాని అవసరం తీరిపోయాక పుట్టింది.

రాత్రి అల్లుడు మళ్లీ. "అనుమతి ఉన్న టీకా అయితే గవర్నమెంటు ఎందుకివ్వదు అత్తయ్యా?" మంచి ప్రశ్నే. నాకు అర్థమైన మేరకు చెప్పాను. ఏ కంపెనీ టీకా అయినా దేశంలో అమ్మాలంటే ఢిల్లీలోని కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ అనుమతి కావాలి. ఏ టీకా, ఎవరు తయారుచేశారు, ఏ వయసుకి అన్నది అక్కడే తేలుతుంది, ఆ జాబితాలు వాళ్ల సైట్లోనే ఉంటాయి. తయారైన టీకా బ్యాచీలను కసౌలీలోని కేంద్ర ఔషధ ప్రయోగశాల పరీక్షిస్తుంది. అనుమతి ఉన్నవాటిలో దేన్ని దేశమంతా ఉచితంగా వేయాలో సలహా చెప్పడానికి వేరే నిపుణుల బృందం ఉంది. రోగం బరువు, ఖర్చు, సరఫరా, అన్నీ చూస్తారు. పిల్లల డాక్టర్ల సంఘం, ఐఏపీ, తన సభ్యులకు మరికొంత పెద్ద పట్టిక ఇస్తుంది. నర్సింగ్‌హోమ్ కాగితం దాన్ని చూసి కొట్టినదే.

"పుస్తకాల షాపులో ఉన్నవన్నీ పాఠ్యపుస్తకాలు కావు గదయ్యా. అలాగని అవి చెడ్డవీ కావు" అన్నాను. "సిలబస్ ముందు పూర్తి చేద్దామంటారు, అంతేగా" అన్నాడు.

ఏప్రిల్ 13, శనివారం

ఉగాది వెళ్లిన నాలుగో రోజు. మూడో విడత కూడా అయింది. వచ్చే నెల తల్లీబిడ్డల్ని బెంగళూరు పంపాలి. చీర, పసుపు కుంకుమ, చలిమిడి, వాటితో పాటు కార్డు, ప్లాస్టిక్ కవరులో. జిరాక్సు నా బీరువాలో. నర్సింగ్‌హోమ్ కాగితం కూడా పెట్టాను, పైన ఎర్ర సిరాతో 'జనవరి 2024లో ఇచ్చినది, ప్రతి వరుసా డాక్టరును అడిగి' అని రాసి.

అక్టోబర్ 10, గురువారం

బొమ్మల కొలువు సర్దుతుంటే అమ్మాయి ఫోటో పంపింది. తొమ్మిదో నెల గడులు నిండాయి. ఎంఆర్, న్యుమోనియా బూస్టరు, పోలియో సూది మూడోది, విటమిన్-ఎ. ఆ మూడో పోలియో సూది 2023 జనవరి నుంచే పట్టికలోకి వచ్చింది. గవదబిళ్లల సంగతి అక్కడి డాక్టరుతో మాట్లాడుతుందట.

వియ్యపురాలి మేనకోడలికి బాబు పుట్టాడని కూడా చెప్పింది. ఆవిడ అప్పుడే వాళ్లకి సింహాల బొమ్మ పంపేసిందట. రేపు పొద్దున్నే ఫోన్ చేయాలి, నొచ్చుకోకుండా ఎలా చెప్పాలో.